క్రిపస్క్యులర్ అనే ఇంగ్లీష్ మాటని అర్థం చేసుకుని వాడడం ఎలా: పర్లాకిమిడి, గుణుపురం వైపు మనవాళ్ళకి స్టెప్ బై స్టెప్ గైడ్

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం వైపు చదువుకునే మన పిల్లలకి ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, కాలేజీలో ఇంగ్లీష్, ఒక్క రోజులోనే మూడు భాషలు నోట్లో తిరుగుతాయి. అంత అలవాటు ఉన్నా ఇంగ్లీష్ నవల చేతిలోకి తీసుకున్నాక ఎక్కడో ఒకచోట నోరు తిరగని విశేషణం తగులుతుంది, ఫోన్‌లో డిక్షనరీ తీస్తాం, ఒక ముక్క అర్థం చూస్తాం, మూసేస్తాం, వారం తిరక్కుండానే అది పోతుంది. జ్ఞాపకశక్తి తక్కువై కాదండీ, మాటని ఒంటరిగా చూడడం వల్ల పోతుంది. అది ఏ నామవాచకం పక్కన ఉంటుంది, సైన్సు వాళ్ళు ఎలా వాడతారు, కథలు రాసేవాళ్ళు ఎలా వాడతారు, ఎక్కడ పెడితే ఎబ్బెట్టుగా ఉంటుంది, ఇవి తెలిస్తేనే అది మన మాట అవుతుంది.

మన ఊరికి ఈ పద్ధతి కొత్తేం కాదు. గిడుగు రామమూర్తి పంతులు గారు పర్లాకిమిడిలోనే టీచరుగా పనిచేస్తూ సవర గిరిజనుల భాష నేర్చుకున్నారు, ఆ రోజుల్లో ఆ భాషకి లిపి లేదు, చూసి నేర్చుకోడానికి నిఘంటువూ లేదు, మాట్లాడేవాళ్ళ నోటి నుంచే వినాలి, ఏ సందర్భంలో ఏ మాట వస్తుందో పట్టుకోవాలి. అలా పట్టుకునే 1931లో సవర భాష మీద ఇంగ్లీష్‌లో పుస్తకం, 1938లో సవర-ఇంగ్లీష్ డిక్షనరీ తెచ్చారు. మనం ఒక్క మాటకైనా ఆ శ్రద్ధ పెడదాం. ఈ గైడ్‌కి నేను తీసుకున్న మాట క్రిపస్క్యులర్.

స్టెప్ 1: ముందు నోటికి అలవాటు చేసుకోండి

స్పెల్లింగ్ సి, ఆర్, ఈ, పి, యు, ఎస్, సి, యు, ఎల్, ఏ, ఆర్. మొత్తం 11 అక్షరాలు. పలికేటప్పుడు బరువు రెండో ముక్క మీద పడాలి, క్రి-పస్-క్యు-లర్, ఆ పస్ దగ్గర గట్టిగా నొక్కాలి. మనవాళ్ళు చాలామంది మొదటి ముక్కని క్రీ అని సాగదీస్తారు, అక్కర్లేదు, అది పొట్టిగానే ఉండాలి. ఓ పదిసార్లు గట్టిగా అనండి, చాలు, ముందుకెళ్దాం.

స్టెప్ 2: మూలం చూడండి

లాటిన్‌లో క్రెపుస్కులుమ్ అంటే సందెచీకటి. అది క్రెపెర్ అనే ఇంకో లాటిన్ మాట నుంచి వచ్చింది, దానికి మసకగా ఉన్నది, ఇదమిత్థంగా తేలనిది అని అర్థం. ఈ రెండో అర్థం గుర్తుపెట్టుకోండి, సాహిత్యం దగ్గరికి వచ్చాక దీనితో పని ఉంది. చివర్లో ఉన్న అర్ అనే తోక మస్క్యులర్, సర్క్యులర్, మాలిక్యులర్ లాంటి మాటల్లో ఉన్నదే, నామవాచకాన్ని విశేషణంగా మారుస్తుంది. అంటే క్రిపస్క్యులర్ అంటే సందెవెలుగుకి సంబంధించిన, సందెవేళది, సందెలా మసగ్గా ఉన్న అని.

ఇక్కడ ఒక విశేషం చెప్పాలి. ఫ్రెంచ్, స్పానిష్ వాళ్ళకి ఇదే మూలం నుంచి వచ్చిన మాట మామూలు రోజువారీ మాట, పిల్లలు కూడా అంటారు. ఇంగ్లీష్‌లో మాత్రం ట్విలైట్, డస్క్ అనే సొంత మాటలు ముందే ఉన్నాయి, అందుకని లాటిన్ నుంచి తెచ్చుకున్న ఈ విశేషణం పండితుల నోట్లోనే ఉండిపోయింది, జనం నోట్లోకి దిగలేదు. ఈ మాటకి ఇంగ్లీష్‌లో ఉన్న బరువంతా అక్కడి నుంచే వచ్చింది.

స్టెప్ 3: ఏ టైమో కచ్చితంగా తెలుసుకోండి

చాలామంది దీన్ని సాయంత్రం అనుకుని వదిలేస్తారు. కాదు. పొద్దు పొడవకముందు ఉండే మసక వెలుగూ, పొద్దుగూకాక ఉండే మసక వెలుగూ రెండూ ఇందులోకి వస్తాయి. సాయంత్రం నాలుగు గంటల ఎండ క్రిపస్క్యులర్ కాదు, రాత్రి తొమ్మిదింటి చీకటీ కాదు. సూర్యుడు కనిపించకూడదు కానీ వెలుగు మిగిలి ఉండాలి, అదీ లెక్క. సూర్యుడు కిందకి దిగిపోయినా పైన వాతావరణానికి ఇంకా ఎండ తగుల్తూనే ఉంటుంది, ఆ వెలుగు చెదిరి మన మీద పడుతుంది, అదే సందెవెలుగు.

ఖగోళ శాస్త్రం వాళ్ళు దీన్ని మూడు భాగాలు చేసారు. సూర్యుడు క్షితిజం కింద 6 డిగ్రీల వరకు ఉంటే సివిల్ ట్విలైట్, 6 నుంచి 12 వరకు నాటికల్, 12 నుంచి 18 వరకు ఆస్ట్రనామికల్, ఆ తర్వాత అసలు చీకటి. మొదటి భాగంలో దీపం లేకుండా ఆరుబయట పని చేసుకోవచ్చు, కథల్లో క్రిపస్క్యులర్ అంటే ఎక్కువగా ఈ మొదటి భాగమూ, రెండో భాగం మొదట్లో కొంచెమూ అనుకోండి.

ఇప్పుడు అసలు సంగతి. పర్లాకిమిడి దాదాపు 18.8 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది, ఇక్కడ సూర్యుడు నిట్టనిలువుగా దిగుతాడు, సివిల్ ట్విలైట్ ఇరవై రెండు, ఇరవై నాలుగు నిమిషాల్లో అయిపోతుంది. అదే లండన్‌లో జూన్ నెలలో అయితే సూర్యుడు ఏటవాలుగా దిగుతాడు కాబట్టి ముప్పావుగంట దాకా సాగుతుంది, ఆ రోజుల్లో అక్కడ సూర్యుడు రాత్రంతా 18 డిగ్రీల కిందకి దిగనే దిగడు, ఆస్ట్రనామికల్ లెక్కలో పూర్తి చీకటే పడదు. ఇంగ్లీష్ కథల్లో సందెవేళ మనుషులు తోటలో నడిచి, కబుర్లు చెప్పుకుని, అలిగి, మళ్ళీ కలిసిపోయేంత టైమ్ ఎలా దొరుకుతుందా అని చాలామందికి వింతగా ఉంటుంది కదా, వాళ్ళకి నిజంగానే అంత టైమ్ ఉంటుంది మరి. మనకి అలా కాదు, గేదెలు ఇంటికి వచ్చి కట్టేసేలోపు చీకటి పడిపోతుంది. అందుకని మన ఊరి కథ ఇంగ్లీష్‌లో రాసేవాళ్ళు క్రిపస్క్యులర్ అని పెట్టి దాని మీద రెండు పేజీల సంభాషణ నడిపితే చదివేవాడికి ఎక్కడో తేడా కొడుతుంది. మన సందె తొందరగా వస్తుంది, తొందరగా పోతుంది, ఆ తొందర వాక్యంలో కూడా కనపడాలని నా అభిప్రాయం.

స్టెప్ 4: సైన్సులో ఎలా వాడతారో ముందు నేర్చుకోండి

సాహిత్యానికి ముందు సైన్సు ఎందుకంటే, అక్కడ ఈ మాటకి డాబు లేదు, బరువు లేదు, మామూలు పనిముట్టు. జంతువుల్ని అవి తిరిగే వేళని బట్టి విడదీసేటప్పుడు పగటిపూట తిరిగేవి డయర్నల్, రాత్రి తిరిగేవి నాక్టర్నల్, తెల్లవారుజామున, మునిమాపున తిరిగేవి క్రిపస్క్యులర్. కుందేళ్ళు, చాలా రకాల జింకలు, మన ఇళ్ళల్లో పిల్లి కూడా ఈ లెక్కలోకే వస్తాయి. మధ్యాహ్నం ఎండ తప్పించుకోవచ్చు, పగటి వేటగాళ్ళకీ రాత్రి వేటగాళ్ళకీ ఇద్దరికీ కళ్ళు సరిగ్గా ఆనని వేళ అది, అందుకే ఆ టైములో మేతకి వస్తాయని చెప్తారు.

ర్యాబిట్స్ ఆర్ క్రిపస్క్యులర్. ఇంతే, వాక్యం పూర్తయింది, ఎవరూ అతి అనుకోరు. సైన్సులో ఇలా నామవాచకం తర్వాత ఒంటరిగా నిలబడుతుంది. కథల్లోకి వస్తే మాత్రం ఎక్కువగా నామవాచకం ముందే కూర్చుంటుంది, క్రిపస్క్యులర్ లైట్, క్రిపస్క్యులర్ గ్లూమ్ అలాగ. ఈ తేడా ఒక్కటి పట్టుకుంటే సగం తప్పులు పోతాయి.

స్టెప్ 5: కిరణాల దగ్గర కాసేపు ఆగండి

క్రిపస్క్యులర్ రేస్ అని ఒక మాట ఉంది. మబ్బుల సందుల్లోంచి గానీ కొండ వెనకనుంచి గానీ ఎండ గీతలు గీతలుగా విసనకర్ర విప్పినట్టు కనిపిస్తుంది చూసారా, అవి. వానాకాలం పొద్దున్నే మహేంద్రగిరి వైపు మబ్బు పట్టి ఉంటే పర్లాకిమిడి మేడల మీద నుంచి చూడొచ్చు, కొండ 1,501 మీటర్ల ఎత్తు, ఈశాన్యం వైపు ఉంది, కాబట్టి ఎండాకాలం, వానాకాలం మొదట్లో పొద్దు ఇంచుమించు ఆ పక్క నుంచే వస్తుంది. ఆ కిరణాలు ఒక్కచోట పుట్టి విడిపోతున్నట్టు కనిపిస్తాయి గానీ నిజానికి అవి దాదాపు సమాంతరంగానే వస్తాయి, రైలు పట్టాలు దూరాన కలిసిపోయినట్టు కనపడతాయి కదా, అదే కంటి మాయ.

ఇంకోటి, సాయంత్రం అందరూ పడమర చూస్తారు, ఎప్పుడైనా ఒకసారి వెనక్కి తిరిగి తూర్పు వైపు చూడండి, గాలిలో తేమ, పడమర మబ్బు సరిగ్గా కుదిరిన రోజున అటు పక్క కూడా గీతలు ఒక్కచోట కలుస్తున్నట్టు లీలగా కనిపిస్తాయి. వాటిని యాంటీ క్రిపస్క్యులర్ రేస్ అంటారు. ఈ పేర్లలో సందె ఉంది కదా అని సందెవేళే రావాలని రూలేం లేదు, మిట్టమధ్యాహ్నం మబ్బులోంచి దిగే గీతల్ని కూడా ఇదే పేరుతో పిలిచేస్తున్నారు. అంటే ఈ ఒక్క జంటలో మాట తన టైముని వదిలేసి కేవలం ఆకారానికి పేరైపోయింది.

స్టెప్ 6: సాహిత్యంలో పక్కన ఏముందో చూడండి

ఇది చాలా ముఖ్యమైన స్టెప్. మీరు చదివే పుస్తకంలో ఈ మాట తగిలినప్పుడు వెంటనే అర్థం వెతక్కండి, ముందు పక్కన ఉన్న నామవాచకం ఏంటో చూడండి. అది లైట్, గ్లో, స్కై, అవర్ లాంటిది అయితే రచయిత అక్షరాలా సందె గురించే చెప్తున్నాడు. గది, మెట్లు, హాలు, అడవి లాంటిది అయితే టైమ్ ఏదైనా కావచ్చు, అక్కడ వెలుగు సందెలా ఉందని భావం, పట్టపగలు కూడా తలుపులు మూసిన పాత బంగళా లోపల క్రిపస్క్యులర్‌గా ఉండొచ్చు. మూడ్, వాయిస్, మ్యూజిక్, మెమొరీ లాంటిది అయితే వెలుగు కూడా పోయింది, మిగిలింది స్టెప్ 2లో చెప్పిన ఆ లాటిన్ అర్థం, మసకగా ఉన్నది, తేలనిది.

మనిషి పక్కన నేరుగా పెడితే బాగోదు. క్రిపస్క్యులర్ మ్యాన్ అంటే ఆ మనిషి కుందేల్లాగా తెల్లారుజామున తిరుగుతాడనా, మసగ్గా ఉన్నాడనా, ఏదీ తెలీదు. నీడలా కదిలే రూపం అని చెప్పాలనుకుంటే ఫిగర్ పక్కన పెట్టొచ్చు, అదీ అరుదుగా.

ఈ మాట శబ్దం కూడా ఆలోచించాలి. సందెవేళ మెత్తగా ఉంటుంది, ఈ మాట మాత్రం నోట్లో గరగరలాడుతుంది, కర్ర విరిగినట్టు క్ర, స్క్ వస్తాయి. కాబట్టి ప్రేమ సన్నివేశంలో, తల్లి బిడ్డని నిద్రపుచ్చే చోట ఇది నప్పదు, అక్కడ ట్విలైట్, డస్క్ చాలా బాగుంటాయి. ఎక్కడ నప్పుతుందీ అంటే భయం, అనుమానం, పాతబడిపోవడం, చెప్పేవాడు చదువుకున్నవాడని తెలియాల్సిన చోటు, అక్కడ ఆ గరగర కూడా పనికొస్తుంది.

దగ్గరి చుట్టాల్ని కలిపేసుకోకండి. డస్కీ అంటే ఎక్కువగా రంగు, చామనఛాయ. డిమ్ అంటే వెలుగు తక్కువ, కారణం ఏదైనా కావచ్చు, బల్బు సరిగ్గా వెలక్కపోయినా డిమ్మే. గ్లూమీలో దిగులు ఉంటుంది. క్రిపస్క్యులర్‌లో దిగులు ఉండి తీరాలని లేదు, కానీ మార్పు ఉండాలి, వెలుగు పోతూనో వస్తూనో ఉండాలి, అటు కాని ఇటు కాని స్థితి అన్నమాట.

స్టెప్ 7: లిమినల్‌తో తేడా, దీనికి మన నరసింహస్వామి కథే చాలు

అటు ఇటు కాని స్థితి అనగానే ఈ మధ్య అందరూ లిమినల్ అనే ఇంకో విశేషణం వాడేస్తున్నారు. రెండిటికీ తేడా తెలియాలంటే మనకి చిన్నప్పటి నుంచి తెలిసిన కథ ఒకటి ఉంది. హిరణ్యకశిపుడు పగలు చావకూడదు, రాత్రి చావకూడదు, ఇంటి లోపల కాదు, బయట కాదు అని వరం అడిగాడు. స్వామి వచ్చింది అసురసంధ్య వేళ, కూర్చుంది గడప మీద. ఇంగ్లీష్ లిమినల్ అనే మాటకి మూలమైన లాటిన్ మాట లిమెన్‌కి అర్థం గడప. అంటే ఆ ఒక్క దృశ్యంలోనే రెండు విశేషణాలూ ఉన్నాయి, స్థలం లిమినల్, సమయం క్రిపస్క్యులర్. ఇంతకన్నా స్పష్టంగా ఏ డిక్షనరీ చెప్పలేదు.

ఇందులోంచే ఒక రూల్ దొరుకుతుంది. రెండిటి మధ్య ఉన్న ప్రతిదీ క్రిపస్క్యులర్ కాదు, అందులో వెలుగు తగ్గడమో మసకబారడమో ఉండాలి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అటు వెళ్ళింది, పర్లాకిమిడి జమీందారీ ఎస్టేటులో చాలా ఊళ్ళు ఇటు మద్రాసు వైపు ఉండిపోయాయి, అప్పట్నుంచి మనవాళ్ళు రెండు భాషల మధ్య బతుకుతున్నారు. ఎవరైనా మన బతుకుని క్రిపస్క్యులర్ అని రాస్తే నేను ఒప్పుకోను. మనది గడప మీది బతుకు, కావాలంటే లిమినల్ అనండి, అంతేగాని వెలుగు తగ్గిపోయిన బతుకు కాదు, రెండు భాషలు ధారాళంగా వచ్చిన పిల్ల కళ్ళల్లో మసక ఎక్కడుంది? అదే సంస్థానాల చివరి రోజుల గురించి, దర్బార్లు తగ్గిపోయి గోడలకి చెమ్మ పట్టి ఒక కాలం ముగిసిపోతున్న ఆ సంవత్సరాల గురించి రాస్తే మాత్రం ఈ మాట దివ్యంగా సరిపోతుంది.

స్టెప్ 8: ఇదే మాటతో పేరు పెట్టిన కవులు

ఇటలీలో ఇరవయ్యో శతాబ్దం మొదట్లో కొంతమంది కుర్ర కవులు పెద్ద పెద్ద వీరగాథలు, ఆర్భాటాలు వదిలేసి చిన్న ఊళ్ళు, పాత ఇళ్ళు, ఆదివారం మధ్యాహ్నాలు, ఆసుపత్రులు, జబ్బు, విసుగు వీటి మీద మెల్లని గొంతుతో రాసారు. జూసెప్పె ఆంటోనియో బోర్జేసే అనే విమర్శకుడు 1910లో వాళ్ళ కవిత్వాన్ని సందెచీకటితో పోల్చాడు, ఇటలీ కవిత్వంలో గొప్ప పగలు అయిపోయింది, ఇప్పుడున్నది మెత్తని మలిసంజ అని ఆయన భావం, అప్పటి నుంచి వాళ్ళకి క్రెపుస్కొలారి అనే పేరు స్థిరపడిపోయింది. పూర్తిగా మెచ్చుకుని పెట్టిన పేరు కాదది, అయినా సాహిత్య చరిత్రలో గౌరవంగానే నిలబడింది. వాళ్ళల్లో సెర్జియో కొరజ్జీని క్షయతో 1907లోనే, ఇరవై ఒక్క ఏళ్ళకే పోయాడు, గ్విడో గొజ్జానో కూడా అదే జబ్బుతో 1916లో పోయాడు. ఇంగ్లీష్ విమర్శ వ్యాసాల్లో క్రిపస్క్యులర్ పొయెట్స్ అని కనపడితే చీకట్లో రాసే కవులు అని అనువాదం చేసేయకండి, అది వీళ్ళ పేరు.

స్టెప్ 9: ఒక సాయంత్రం కూర్చుని చూసి రాయండి

డిక్షనరీ పక్కన పెట్టి, పొద్దుగూకే ముందు పెరట్లోనో మహేంద్రతనయ నది గట్టు మీదో కూర్చోండి, ఫోన్ లోపల పెట్టేయండి. ఒక ఎర్ర మందారం మొక్క కనపడేలా కూర్చుంటే మంచిది. పొద్దు దిగిన కొత్తలో పువ్వు ఎర్రగా, ఆకులు మామూలుగా ఉంటాయి. కాసేపటికి పువ్వు రంగు ముదురుతుంది, ఇంకాసేపటికి నల్లగా అయిపోతుంది, ఆకులు మాత్రం పువ్వు కంటే తేటగా, కొంచెం నీలం కలిసిన బూడిదరంగులో ఇంకా తెలుస్తూనే ఉంటాయి. వెలుగు తగ్గేకొద్దీ మన కంట్లో రంగులు చూసే కణాలు పని తగ్గించుకుని మసకలో చూసే కణాలు పని అందుకుంటాయి, వాటికి ఎరుపు దాదాపు ఆనదు, ఆకుపచ్చ, నీలం వైపు బాగా ఆనుతుంది. పుర్కిన్యే అనే చెక్ శాస్త్రవేత్త పంతొమ్మిదో శతాబ్దంలో ఇది గమనించాడు, ఆయన పేరుతోనే పిలుస్తారు.

ఈలోపు పక్కింటి ఒడియా వాళ్ళ తులసికోట దగ్గర సంజదీపం పెడతారు, శంఖం ఊదుతారు, గబ్బిలాలు బయల్దేరతాయి. అవన్నీ రాయండి, ఏ వరసలో జరిగాయో ఆ వరసలోనే, తెలుగులోనే రాయండి. తర్వాత అందులో ఒకే ఒక్క వాక్యం ఇంగ్లీష్‌లోకి మార్చి ఆ వాక్యంలో క్రిపస్క్యులర్ వాడండి. పేజీకి ఒక్కసారి కాదు, మొత్తం రచనకి ఒక్కసారి. తర్వాత అదే చోట ట్విలైట్ పెట్టి మళ్ళీ గట్టిగా చదవండి, ట్విలైటే బాగుంటే దాన్నే ఉంచేయండి. నల్లబడిన మందారం గురించి రాసాక చాలాసార్లు అసలు ఏ విశేషణమూ అక్కర్లేదనిపిస్తుంది, అలా అనిపిస్తే తీసేయండి.

స్టెప్ 10: తెలుగులోకి తెచ్చేటప్పుడు

ఇంగ్లీష్‌లో ఒక్క మాట చేసే పనికి మన దగ్గర సందె, మునిమాపు, మసకచీకటి, మలిసంజ, అసురసంధ్య, గోధూళివేళ, వేకువ, తొలిసంజ ఇన్ని ఉన్నాయి, ఒడియాలో కూడా సంజ, గోధూళి ఉన్నాయి కాబట్టి ఇక్కడివాళ్ళకి ఇంకా సులువు. కానీ ఇవన్నీ ఒకటి కాదు. అసురసంధ్యలో భయం ఉంది, ఆ వేళ పడుకోకూడదు అని ఇంట్లో పెద్దవాళ్ళు లేపేస్తారు. గోధూళివేళలో ఊరు ఉంది, పశువులు ఉన్నాయి, శుభం ఉంది. మునిమాపులో కేవలం టైమ్ ఉంది. మూలంలో రచయిత భయం పుట్టిస్తుంటే గోధూళి అని పెడితే మొత్తం చెడిపోతుంది.

సైన్సు వ్యాసం అయితే నిశాచరం అనే మాట ఎలాగూ అందరికీ తెలుసు, అదే పద్ధతిలో సంధ్యాచర జీవులు అంటే చదివేవాళ్ళకి ఇట్టే అర్థమవుతుంది. గది గురించి అయితే సందెచీకటి కమ్మిన గది, కాలం గురించి అయితే పొద్దువాలిన రోజులు, గొంతు గురించి అయితే మసకబారిన గొంతు. తెల్లవారుజామున జరిగే దృశ్యంలో ఈ మాట వస్తే జాగ్రత్త, అలవాటుకొద్దీ సాయంత్రం మాట పెట్టేస్తాం, ముందు పేరా ఒకసారి చూసుకుని వేకువ వెలుగు అనో తొలిసంజ అనో పెట్టాలి.

ఇంగ్లీష్‌లో కూడా ఈ రెండు పూటల్ని విడగొట్టి చెప్పాలంటే వేరే మాటలున్నాయి, పొద్దుటిది మాట్యుటినల్, సాయంత్రానిది వెస్పర్‌టైన్. కొన్ని మిడతలు, పురుగులు, పువ్వుల వర్ణనలో ఈ రెండూ కనిపిస్తాయి. క్రిపస్క్యులర్ బాగా పట్టుబడ్డాక వీటికి కూడా స్టెప్ 6లో చేసినట్టే పక్కనున్న నామవాచకాలు ఒక నోట్‌బుక్‌లో రాసుకుంటూ వెళ్ళండి, మాటకో పేజీ వదిలితే సరిపోతుంది.